ఇంజన్ పోయింది అన్నారా? పాత ఇంజన్ కొనాలా, మనదే చేయించాలా

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే మా బాబాయ్ ఫోన్ చేశాడు. ఆయనకి 2012 మోడల్ స్విఫ్ట్ డీజిల్ ఉంది. మంగళగిరి నుంచి, చీరాల నుంచి చీరలు తెచ్చి పల్నాడు పల్లెల్లో షాపులకి వేస్తుంటాడు. వెనక సీటు మడిచేసి మూటలు పెట్టుకుని తిరుగుతాడు. అంటే ఆ బండి ఆగితే ఆయన వ్యాపారం ఆగినట్టే.

"ఏరా, చిలకలూరిపేట దాటాక బండి పొగలు కక్కిందిరా. షెడ్డులో చూపిస్తే ఇంజన్ పోయిందంటున్నాడు. సెకండ్ హ్యాండ్ ఇంజన్ యాభై ఐదు వేలకి తెప్పిస్తాడంట, మూడ్రోజుల్లో బండి ఇచ్చేస్తాడంట. మనదే చేయించాలంటే ఎనభై పైన అవుద్దంట, రెండు వారాలు పడుద్దంట. ఏం చెప్పమంటావు?"

"ఇంజన్ విప్పాడా బాబాయ్?" అన్నాను.

"విప్పలేదు. స్టార్ట్ చేసి సౌండ్ విని చెప్పాడు."

ఈ ఎపిసోడ్ అంతా ఆ చివరి మాట చుట్టూనే. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు, బగ్ ఎక్కడుందో చూడకుండానే "మొత్తం కోడ్ మళ్ళీ రాసేద్దాం" అనేవాళ్ళు టీమ్‌లో ఒకరిద్దరు ఉండేవాళ్ళు. బండ్ల దగ్గర కూడా అంతే. "ఇంజన్ పోయింది" అనేది రోగం పేరు కాదు. అది ఒక అభిప్రాయం. ఏం పోయిందో తెలియకుండా రెండు రేట్లు పక్కపక్కన పెట్టి ఏది తక్కువో చూస్తే మోసపోతాం. నాకు ఎలా తెలుసంటే, నేను మోసపోయాను కాబట్టి.

నా మొదటి బండి సెకండ్ హ్యాండ్ ఆల్టో. ఉద్యోగంలో చేరిన కొత్తలో హైదరాబాద్‌లో కొన్నాను. ఒక ఏడాదికి పొద్దున స్టార్ట్ చేయగానే నీలం పొగ వచ్చేది. రెండు నిమిషాలకి ఆగిపోయేది. ఆయిల్ కొంచెం తగ్గేది. ఒక షెడ్డులో చూపిస్తే "బోర్‌కి వచ్చింది సార్, ఇంకో ఇంజన్ వేసేద్దాం, నలభై వేలే తిరిగింది ఉంది, 28,000, మీ పాతది ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయండి" అన్నారు. ఇచ్చేశాను. మూడు నెలలకి కొత్తగా వచ్చిన ఇంజన్‌లో, వేడెక్కాక సిగ్నల్ దగ్గర ఆగితే ఆయిల్ లైట్ మిణుకుమిణుకుమనేది. సంప్ విప్పితే అడుగున నల్లటి జిగురు, బేరింగుల మీద పై పూత అరిగిపోయి రాగి రంగు కనపడుతోంది. విప్పిన మెకానిక్ వేరే ఆయన. ఆయన నన్ను ఒక్క ప్రశ్న అడిగాడు: "మీ పాత ఇంజన్ పొగ పొద్దున స్టార్టింగ్‌లోనే వచ్చేదా, నడుస్తున్నప్పుడు కూడా వచ్చేదా?" స్టార్టింగ్‌లోనే అన్నాను. "అది వాల్వ్ సీల్స్ అయ్యుంటాయి సార్. నాలుగైదు వేల పని" అన్నాడు. నా మంచి ఇంజన్ అప్పటికి ఎవరి బండిలోకో వెళ్ళిపోయింది.

ఆ బాధ ఉంది కాబట్టే ముందు పరీక్షల గురించి కాస్త వివరంగా చెప్తాను.

మొదటిది పొగ. రాత్రంతా ఆగిన బండి స్టార్ట్ చేయగానే నీలం పొగ వచ్చి ఆగిపోతే, వాల్వ్ సీల్స్ నుంచి ఆయిల్ కిందికి జారిందని అనుమానించాలి. నడుస్తున్నంతసేపూ, ముఖ్యంగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు నీలం పొగ వస్తుంటే రింగులు, బోర్. కానీ టర్బో ఉన్న బండిలో టర్బో సీల్ పోయినా ఇదే పొగ వస్తుంది, అది మర్చిపోకండి. టర్బో పాడైతే ఇంజన్ మార్చేసినవాళ్ళు కూడా ఉన్నారు. వేడెక్కాక కూడా తెల్లటి పొగ ఆగకుండా వస్తూ, రేడియేటర్‌లో నీళ్ళు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ వైపు చూడాలి. నల్ల పొగ అంటే చాలాసార్లు ఇంజెక్టర్, గాలి, ఈజీఆర్ లెక్క. దానికీ ఇంజన్ అరగడానికీ నేరుగా సంబంధం లేదు.

రెండోది మన మెకానిక్‌లు బ్యాక్ కంప్రెషన్ అంటారు చూడండి, అది. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత వదులు చేసి పైన పెడతారు. మూత ఎగిరెగిరి పడుతూ, లోపల్నుంచి పొగ గుప్పుగుప్పుమని కొడుతుంటే, సిలిండర్‌లో ఉండాల్సిన ఒత్తిడి రింగుల పక్కనుంచి కిందికి వస్తోందన్నమాట. మంచి పరీక్షే. కానీ ఇది ఎంత అరిగిందో చెప్పదు, ఏ సిలిండరో చెప్పదు.

అది చెప్పేది కంప్రెషన్ టెస్ట్. పెట్రోల్ బండికి స్పార్క్ ప్లగ్‌లు తీసి, డీజిల్‌కి గ్లో ప్లగ్‌లు తీసి, ఆ రంధ్రంలో గేజ్ పెట్టి ఇంజన్ తిప్పుతారు. పెట్రోల్‌లో సాధారణంగా 150 నుంచి 190 పీఎస్ఐ దాకా చూస్తాం. డీజిల్‌లో దానికి రెట్టింపు, ఆపైన కూడా ఉంటుంది. మీ ఇంజన్‌కి ఎంతుండాలో సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. కానీ నంబర్ కంటే సిలిండర్‌కీ సిలిండర్‌కీ మధ్య తేడా ముఖ్యం. అన్నీ దగ్గర దగ్గరగా ఉండి ఒకటి మాత్రం బాగా పడిపోతే, ఇంజన్ మొత్తం అరిగిపోలేదు, ఆ ఒక్క చోట ఏదో జరిగింది. పెట్రోల్ అయితే ఆ సిలిండర్‌లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్ళీ చూడండి. కంప్రెషన్ పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులో గ్యాస్కెట్టో. డీజిల్‌కి ఈ చెంచా పని చేయొద్దు. దాంట్లో ఖాళీ చాలా తక్కువ కాబట్టి ఆ ఆయిలే రీడింగ్‌ని పెంచేసి తప్పు చూపిస్తుంది.

బాబాయ్ బండికి ఈ టెస్ట్ చేయించడానికి 1,200 అడిగారు. ఆయన గొణిగాడు. "పోయిన ఇంజన్‌కి మళ్ళీ పన్నెండొందలెందుకురా?" అని. చేయించాం. మూడు సిలిండర్లు బాగానే ఉన్నాయి, మూడోది పడిపోయింది. అప్పుడు హెడ్ దించమన్నాం.

దించితే కథ బయటపడింది. రేడియేటర్ కింది పైపు పగిలింది. టెంపరేచర్ ఎక్కుతోందని తెలిసి కూడా "ఊరు దగ్గరికొచ్చేశాం కదా" అని బాబాయ్ ఇంకో నాలుగైదు కిలోమీటర్లు లాగాడు. నిజానికి ఆ ఇంజన్‌ని చంపింది 2 లక్షల 20 వేల కిలోమీటర్ల తిరుగుడు కాదు, ఆ నాలుగైదు కిలోమీటర్లే. ఆ మాట అంటే రెండ్రోజులు నాతో మాట్లాడలేదు, అది వేరే విషయం.

హెడ్ అల్యూమినియంది. వేడికి వంగిపోయింది. లేత్ షాపులో తిన్నటి స్టీల్ బద్ద పెట్టి, కింద ఫీలర్ గేజ్ దూర్చి చూశారు. చాలా ఇంజన్లలో 0.05 మిల్లీమీటర్ల దగ్గరే హద్దు. మనది దానికి చాలా ఎక్కువ ఉంది, పైగా రెండు వాల్వుల మధ్య సన్నటి పగులు. మూడో బోర్‌లో నిలువుగా గీతలు, గోరు పెడితే తగులుతున్నాయి. మిగతా మూడింటిలో కంపెనీలో హోనింగ్ చేసినప్పటి అడ్డగీతలు ఇంకా కనపడుతున్నాయి. క్రాంక్ కొలిస్తే లిమిట్‌లోనే ఉంది.

ఇక్కడే నిర్ణయం జరుగుతుంది, రేట్ల దగ్గర కాదు. బ్లాక్, క్రాంక్ ఈ రెండూ ఇంజన్‌కి ఎముకలు లాంటివి. ఇవి బాగుంటే పిస్టన్లు, రింగులు, బేరింగులు, గ్యాస్కెట్లు, చైన్, పంపులు అన్నీ డబ్బా విప్పి వేసే సామానే. బోర్ గీసుకుపోతే బోరింగ్ చేసి ఓవర్‌సైజ్ పిస్టన్లు వేస్తారు, కుదరకపోతే స్లీవ్ వేస్తారు. కానీ మీ ఇంజన్‌కి ఓవర్‌సైజ్ పిస్టన్లు దొరుకుతాయో లేదో ముందు కనుక్కుని, పిస్టన్లు చేతికొచ్చాకే వాటి సైజుకి బోరింగ్ చేయించండి. ముందు బోర్ చేసేసి తర్వాత పిస్టన్ వెతికితే ఇంజన్ టేబుల్ మీదే ఉండిపోతుంది.

కనెక్టింగ్ రాడ్ విరిగి బ్లాక్ పక్కనుంచి బయటికి వచ్చిందనుకోండి, లేదా బ్లాక్ పగిలింది, క్రాంక్ విరిగింది, అప్పుడు మన ఇంజన్ మీద ప్రేమ పెట్టుకోవద్దు. పాత ఇంజన్ వెతకడమే కరెక్ట్. వరద నీళ్ళలో స్టార్ట్ చేస్తే నీళ్ళు సిలిండర్‌లోకి వెళ్ళి రాడ్లు వంగిపోతాయి. అప్పుడు కూడా విప్పి చూస్తే గానీ చెప్పలేం. నాలుగు రాడ్లలో ఒకటే వంగి ఉండొచ్చు, బ్లాక్ కూడా దెబ్బతిని ఉండొచ్చు.

వరద మాట వచ్చింది కాబట్టి. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని కార్లు మునిగాయో అందరం చూశాం. అలా మునిగిన బండిని తుక్కు కింద అమ్మినా దాని ఇంజన్ విడిగా ఎక్కడో షాపు ముందు నిలబడొచ్చు. అందుకే పాత ఇంజన్ కొనేటప్పుడు, అది విజయవాడ ఆటోనగర్ అయినా, చెన్నై పుదుపేట అయినా, ఢిల్లీ మాయాపురి నుంచి లారీలో వచ్చినా, నేను చూసేవి ఇవి. ఆయిల్ మూత లోపలి వైపు జిగురు కట్టిందా, పాలు కలిపిన కాఫీ రంగు నురగ ఉందా. డిప్‌స్టిక్ మీద తుప్పు గీత ఉందా. ఇన్‌టేక్ పైపులో వేలు పెడితే మన్ను తగులుతోందా. బోల్టుల తలలు ఎవరో విప్పినట్టు చెక్కుకుపోయాయా, సందుల్లోంచి సిలికాన్ పేస్ట్ పొంగి కనపడుతోందా. క్రాంక్ పుల్లీని పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగితే ఆట ఉందా. కొత్తగా పెయింట్ కొట్టిన ఇంజన్ అయితే నేను దాని వైపు కూడా వెళ్ళను. కిలోమీటర్లు ఎంత అంటే ఎవరు ఎంతైనా చెప్తారు. మీటర్ బండిలో ఉంటుంది, ఇంజన్‌లో ఉండదు కదా.

షాపు వాళ్ళందరూ మోసగాళ్ళని కాదు నా మాట. వాళ్ళలో చాలామందికి కూడా ఆ ఇంజన్ లోపల ఏముందో తెలియదు. తెలియనిదాన్ని కొంటున్నాం, అంతే. వారంటీ ఇస్తాం అంటారు. ఏ వారంటీ అని అడగండి. మాకు చెప్పింది పదిహేను రోజుల టెస్టింగ్ వారంటీ. అంటే ఆ లోపు పోతే ఇంకో ఇంజన్ ఇస్తారు. దించి ఎక్కించే కూలి, పోసిన ఆయిల్, ఆగిపోయిన రోజులు మనవే. నా ఆల్టో మూడు నెలలకి చెడింది, గుర్తుందిగా.

ఇంకో చిక్కు ఉంది. పేరు ఒకటే అయినంత మాత్రాన ఇంజన్ ఒకటే కాదు. స్విఫ్ట్ డీజిల్‌లో ఉన్న 1248 సీసీ ఇంజన్ ఫియట్ డిజైన్. ఇదే కుటుంబం ఇంజన్ టాటా విస్టాలో, ఫియట్ పుంటోలో, ఎర్టిగాలో కూడా వచ్చింది. కానీ స్విఫ్ట్‌లోది 75 హార్స్ పవర్, ఎర్టిగాలోది 90, టర్బో వేరు. "అదే ఇంజన్ సార్, సెట్ అయిపోద్ది" అంటే బ్రాకెట్లు, సెన్సార్లు, వైరింగ్ కూడా సెట్ అవుతాయా అని అడగాలి. మారుతి 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 వచ్చేసరికి డీజిల్ కార్లు ఆపేసింది. కాబట్టి మార్కెట్‌లో దొరికే ప్రతి ఇంజన్ కనీసం ఐదేళ్ళ పైబడినదే.

ఇప్పుడు డబ్బు లెక్క. ఇవి మా బాబాయ్ బండికి మాకు చెప్పిన రేట్లు, మీ ఊళ్ళో, మీ బండికి వేరే ఉంటాయి. పాత ఇంజన్ 55,000. దించి ఎక్కించే కూలి 10,000. ఎక్కించే ముందే టైమింగ్ చైన్ కిట్, వాటర్ పంప్, ముందు వెనక ఆయిల్ సీల్స్ మార్చాలి, ఎందుకంటే తర్వాత వాటి కోసం మళ్ళీ ఇంజన్ దించలేం, 13,000. ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్ 5,000. మొత్తం 83,000. చూశారా, ఫోన్‌లో విన్న యాభై ఐదు ఎక్కడికి వెళ్ళిందో.

మనదే చేయిస్తే: పిస్టన్లు, రింగులు, బేరింగులు, గ్యాస్కెట్ కిట్ 30,000. లేత్ పని 12,000. చైన్ కిట్, ఆయిల్ పంప్, వాటర్ పంప్ 17,000. కూలి 16,000. ఆయిల్ వగైరా 5,000. ఇది 80,000. హెడ్ ఇంకా మిగిలింది. కొత్త హెడ్ రేటు వింటే బాబాయ్ కుర్చీలో కూలబడ్డాడు. పగిలిన దాన్ని వెల్డింగ్ చేస్తామన్నారు, నాకు నమ్మకం కుదరలేదు.

అప్పుడు లేత్ షాపు పెద్దాయన చెప్పిన మాట నాకు ఈ మొత్తం వ్యవహారంలో బాగా నచ్చింది. "ఇంజన్ ఎందుకు సార్ పాతది కొనడం, హెడ్ ఒక్కటే పాతది తెచ్చుకోండి" అన్నాడు. ఆలోచిస్తే అసలు తెలివి అక్కడే ఉంది. మూసి ఉన్న ఇంజన్‌లో ఏముందో తెలియదు. కానీ విడి హెడ్ టేబుల్ మీద పెడితే అంతా కనపడుతుంది. బద్ద పెట్టి వంపు చూడొచ్చు, నీళ్ళ దారులు మూసి గాలి ఎక్కించి పగులు ఉందో లేదో తేల్చొచ్చు, వాల్వులు విప్పి గైడ్‌లు కొలవొచ్చు. కొలవగలిగింది పాతది కొన్నాం, కొలవలేనిది మనది ఉంచుకున్నాం. టెస్ట్ పాస్ కాకపోతే వెనక్కి ఇస్తామనే షరతు మీద తెచ్చాం. మొదటి హెడ్ ఫెయిలైంది, వెనక్కి ఇచ్చాం. రెండోది నిలబడింది, 14,000. మొత్తం 94,000.

రేడియేటర్, పైపులు, థర్మోస్టాట్ ఇంకో 8,000. ఇది ఏ దారిలో వెళ్ళినా పెట్టాల్సిందే. ఇంజన్‌ని చంపిన కారణాన్ని అలాగే ఉంచి కొత్త ఇంజన్ పెడితే అది దాన్ని కూడా చంపుతుంది. అంటే 91,000కి 1,02,000కి మధ్య ఎంచుకోవాలి. పదకొండు వేలు ఎక్కువ, పది పన్నెండు రోజులు ఎక్కువ. ఈ రోజులకి కూడా ఖర్చుంది. బాబాయ్ రెండుసార్లు ట్రాలీ ఆటో మాట్లాడుకుని సరుకు వేశాడు. మీది రోజూ తిరిగే క్యాబ్ అయితే, నెల వాయిదా నెత్తిమీద ఉంటే, ఆ పన్నెండు రోజులే మీ నిర్ణయాన్ని తిప్పేయొచ్చు. అది తప్పేం కాదు.

మూడో దారి కూడా అడిగాం, అలాగే అమ్మేస్తే ఎంతని. అరవై వేలన్నారు. నడుస్తున్న ఇలాంటి బండి రెండు లక్షల దగ్గర పలుకుతోంది. సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు కదా, 2027లో ఆర్సీ రెన్యువల్‌కి వెళ్ళాలి, బాడీ బాగుంది, తుప్పు లేదు. ఇంకో నాలుగైదేళ్ళు నడుపుతానన్నాడు. ఏడాదిలో అమ్మే ఆలోచన ఉంటే నేను లక్ష పెట్టమనేవాడిని కాదు.

కాగితాల విషయం తొందరగా చెప్తాను గానీ తేలిగ్గా తీసుకోకండి. ఇంజన్ నంబర్ బ్లాక్ మీద ఉంటుంది. కాబట్టి ఫుల్ ఇంజనే కాదు, హాఫ్ ఇంజన్ అని బ్లాక్ మార్చినా మీ నంబర్ మారినట్టే. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం పద్నాలుగు రోజుల్లో ఆర్టీవో ఆఫీసులో చెప్పి ఆర్సీలో కొత్త నంబర్ ఎక్కించుకోవాలి. ఇన్సూరెన్స్ వాళ్ళకి కూడా చెప్పాలి. దానికి ఇంజన్ కొన్న బిల్లు కావాలి, ఆ నంబర్ ఏ బండిదో ఆ బండి ఆర్సీ కాపీ అడిగి తీసుకోండి. బిల్లు ఇవ్వలేం అంటే ఆ ఇంజన్ దొంగిలించిన బండిది అయ్యుండొచ్చు. నేను ఆల్టో అమ్మేటప్పుడు కొనడానికి వచ్చినాయన బానెట్ ఎత్తి నంబర్ చూసి, ఆర్సీ చూసి, ఏం మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. చివరికి చాలా తక్కువకి ఇచ్చేశాను. హెడ్ మారిస్తే ఈ గొడవ లేదు.

బాబాయ్ ఒక రాత్రంతా ఆలోచించి, లక్ష రూపాయల చీటీ పాడాడు. మనదే చేయిద్దాం అన్నాడు. ఇంజన్ కట్టేటప్పుడు నేను రెండ్రోజులు అక్కడే కూర్చున్నాను. కొత్త సామాను డబ్బాలన్నీ, తీసేసిన పాత పిస్టన్లు, రింగులు అన్నీ మాకే ఇవ్వమన్నాం. ఇది మొహమాటం లేకుండా అడగండి. కొత్తవి వేశామని బిల్లు రాసి పాతవే వేసే చోట్లు కూడా ఉంటాయి. బోర్ ఎంతకి చేశారో కాగితం మీద రాయించుకున్నాం.

బండి బయటికి వచ్చి మూడు వారాలైంది. మొదటి వెయ్యి కిలోమీటర్లు ఒకే స్పీడ్‌లో హైవే మీద లాగొద్దు, గంటల తరబడి ఐడిల్‌లో ఉంచొద్దు, మూటలు సగమే వేసుకో అని చెప్పాను. ఐదు వందల కిలోమీటర్లకి ఆయిల్ మార్చాం. తీసిన ఆయిల్‌లో సన్నటి మెరుపు పొడి కొంచెం ఉంది. రింగులు కొత్త బోర్‌లో కూర్చునేటప్పుడు అది మామూలే. వెయ్యికి మళ్ళీ మార్చితే ఆ మెరుపు లేదు. నిన్న సాయంత్రం వాట్సాప్‌లో డిప్‌స్టిక్ ఫోటో పంపాడు, ఆయిల్ పై గీత దగ్గరే ఉంది. కింద ఒక లైన్ రాశాడు: "సత్తెనపల్లి పోయొచ్చాను. దారిలో రెండుసార్లు ఆపి కూలెంట్ చూసుకున్నాలే, నువ్వు మళ్ళీ మొదలెట్టొద్దు."